కాలు తీయించుకోనంటున్న పెద్దాయన: నిర్ణయించుకునే శక్తి ఆయనకు ఉందో లేదో ఎలా చూడాలి?

ప్రశ్న: నేను సర్జరీ పీజీని. మా వార్డులో 70 ఏళ్ళ రైతు ఉన్నారు. చాలా ఏళ్ళుగా షుగర్, ఇప్పుడు కుడి పాదానికి గ్యాంగ్రీన్ (రక్తం అందక కుళ్ళడం), జ్వరం. మోకాలి కింద తీసేయాలని మా యూనిట్ నిర్ణయం. ఆయన ఉదయం సరే అంటారు, రాత్రికి వద్దంటారు. కొడుకేమో "నేను సంతకం పెడతాను, మీరు తీసుకెళ్ళండి" అంటున్నారు. సైకియాట్రీ వాళ్ళతో కెపాసిటీ (నిర్ణయించుకునే శక్తి) ఉందో లేదో రాయించుకోమని మా చీఫ్ చెప్పారు. అసలు అందులో ఏం చూస్తారు? మేమే చూడకూడదా? కొడుకు సంతకం ఎందుకు చాలదు?

సమాధానం:

నేను సైకియాట్రిస్టుని. సర్జరీ, మెడిసిన్, ఐసీయూ వార్డుల నుంచి వచ్చే ఇలాంటి పిలుపులకు వెళ్ళడం చాలా ఏళ్ళుగా నా పనిలో పెద్ద భాగం. మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే వార్డులో గందరగోళం ఎక్కువగా అక్కడే పుడుతుంది.

కొడుకు సంతకం చాలదు. తన కాలి సంగతి అర్థం చేసుకుని నిర్ణయించుకునే శక్తి ఆ పెద్దాయనకు ఉన్నంతవరకు ఆయన బదులు ఇంకొకరు సంతకం పెట్టడం కుదరదు. 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. అది 1995లో ఢిల్లీలో జరిగిన వ్యవహారం. 44 ఏళ్ళ అవివాహితకు పొట్టలోకి కెమెరా పెట్టి చూసే లాపరోస్కోపీ పరీక్ష కోసం మత్తు ఇచ్చారు. ఆవిడ మత్తులో ఉండగానే బయట కూర్చున్న తల్లిని అడిగి సంతకం తీసుకుని, గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆవిడ మేజర్, మత్తు దిగేదాకా ఆగితే ఆవిడనే అడగొచ్చు, ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితేమీ కాదు, కాబట్టి తల్లి ఒప్పుకోలు చెల్లదని కోర్టు చెప్పింది. ఈ తీర్పు వచ్చి ఇన్నేళ్ళయినా మన వార్డుల్లో ఇప్పటికీ మొదట వినిపించే మాట "పేషెంటు తాలూకు ఎవరు?" అనే. పేషెంటు మంచం మీద కళ్ళు తెరుచుకుని మన మాటలు వింటూ ఉంటాడు. ఫారం మాత్రం ఆయన తల మీదుగా కొడుకు చేతికి వెళుతుంది. ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

మీరే చూడకూడదా అని అడిగారు. మీరే చూడాలి. ఏ వైద్యం చేస్తామంటున్నారో ఆ వైద్యం గురించి బాగా తెలిసినవాళ్ళే అడగాలి. "తీసేస్తే మళ్ళీ ఎన్నాళ్ళకు నడుస్తాను?" అని ఆయన నన్ను అడిగితే సరైన జవాబు నా దగ్గర ఉండదు. అందుకే నేను వెళ్ళినప్పుడు కూడా సర్జరీ డాక్టర్ ఒకరు పక్కన ఉండాలని పట్టుబడతాను. డిప్రెషన్ అనుమానం ఉన్నా, పాత మానసిక జబ్బు ఉన్నా, మీరు రెండుసార్లు చూసినా తేలకపోయినా, ఇంట్లోవాళ్ళు రెండు పక్షాలుగా విడిపోయినా అప్పుడు మమ్మల్ని పిలవండి.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మనకు కెపాసిటీ గుర్తొచ్చేది పేషెంటు "వద్దు" అన్నప్పుడే. "సరే" అన్నవాళ్ళను ఎవరూ పరీక్షించరు. 2004లో లాన్సెట్ పత్రికలో ఇంగ్లండ్ పరిశోధకులు రాసిన ఒక వ్యాసం ఉంది. జనరల్ ఆసుపత్రిలో మెడిసిన్ వార్డుల్లో చేరిన 302 మందిని వరుసగా చూస్తే, కనీసం 40 శాతం మందికి తమ వైద్యం గురించి నిర్ణయించుకునే శక్తి ఆ సమయంలో లేదని తేలింది. వాళ్ళలో కూర్చోబెట్టి మాట్లాడినవాళ్ళను తీసుకుంటే, వైద్యబృందం నలుగురిలో ఒకరినే గుర్తించగలిగింది. మిగతావాళ్ళు తల ఊపుతూ, పెట్టమన్నచోట సంతకం పెడుతూ మనకు మంచి పేషెంట్లుగా కనిపించారన్నమాట. కాబట్టి మీ పెద్దాయన రాత్రి "వద్దు" మీద ఎంత అనుమానం పెట్టుకున్నారో, ఉదయం "సరే" మీద కూడా అంతే పెట్టుకోండి.

ఉదయం ఒక మాట, రాత్రి ఒక మాట అని చదవగానే నాకు రెండు సంగతులు తట్టాయి. ఒకటి డెలీరియం, అంటే ఒంట్లో జబ్బు వల్ల మెదడు ఉన్నట్టుండి తికమకపడటం. రెండోది మంచం పక్కన ఎవరున్నారన్నది.

డెలీరియం సంగతి ముందు చూద్దాం. జ్వరం ఉంది, కాల్లో చీము ఉంది, వయసు 70. మెదడు పగలు ఒకలా, పొద్దుగూకాక ఒకలా పనిచేయడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. సోడియం చూడండి, క్రియాటినిన్ చూడండి, ఆక్సిజన్ చూడండి. రాత్రి ఆయన వద్దన్న గంటకు గ్లూకోమీటర్ రీడింగ్ ఎంత ఉందో చార్టులో వెతకండి. సాయంత్రం ఇన్సులిన్ వేసి, అన్నం తినకపోతే షుగర్ పడిపోయి ఉండొచ్చు. తర్వాత మందుల చార్టు. నొప్పికిచ్చే ట్రామడాల్, మగత తెచ్చే ఫెనర్గాన్, నిద్రమాత్ర, వీటిలో ఏదైనా సాయంత్రం పడుతోందేమో చూడండి. ఆ తర్వాత అడగాల్సింది తాగుడు గురించి. కొడుకు ముందు అడిగితే లేదంటారు, విడిగా అడగండి. తాగుడు ఆగిన రెండు మూడు రోజుల్లోపే చేతులు వణకడం, నిద్ర లేకపోవడం, లేనివి కనిపించడం మొదలవుతాయి. తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవాళ్ళయితే కల్లు సంగతి ప్రత్యేకంగా అడగాలి. తాగుతారా అంటే చాలామంది లేదంటారు, కల్లు వాళ్ళ లెక్కలో తాగుడు కాదు. అల్ప్రాజోలం లాంటి మత్తుమందు కలిపిన కల్లు ఏళ్ళ తరబడి రోజూ తాగిన మనిషికి ఆసుపత్రిలో చేరాక అది ఒక్కసారిగా ఆగిపోతే తికమక, వణుకు, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి.

అరిచి గోలచేసే డెలీరియాన్ని అందరూ గుర్తిస్తారు. మూలకు తిరిగి పడుకుని, అడిగినదానికల్లా "ఊఁ" అనే డెలీరియాన్ని ఎవరూ గుర్తించరు. రెండోదే ఎక్కువ తప్పిపోతుంది. మనిషి ధ్యాస నిలుస్తోందా లేదా అన్నది చూడాలి. వారాల పేర్లు శనివారం నుంచి వెనక్కి చెప్పమనండి. ఇరవై నుంచి ఒకటి దాకా వెనక్కి లెక్కపెట్టమనండి. ఫోర్ ఏటీ అనే చిన్న పరీక్ష రెండు నిమిషాల్లో అయిపోతుంది. దాంట్లో నెలల పేర్లు వెనక్కి అడుగుతారు, కానీ బడికి వెళ్ళని మన పెద్దలకు జనవరి, ఫిబ్రవరి అలవాటు ఉండకపోవచ్చు, వారాలు తేలిక. ఇలాగే జ్ఞాపకశక్తి, ఆలోచన చూసే ఎంఎంఎస్ఈ అనే పరీక్ష విషయంలోనూ జాగ్రత్త. 30కి ఎన్ని వచ్చాయో చూసి కెపాసిటీ ఉంది, లేదు అని రాసేవాళ్ళు ఉన్నారు. అందులో చదవడం, వాక్యం రాయడం, బొమ్మ గీయడం ఉంటాయి. పలక పట్టని రైతుకు అక్కడ మార్కులు పోతాయి. ఆ రైతే కౌలు లెక్క, వడ్డీ లెక్క నోటితో చెప్పేస్తాడు. మార్కులు బాగా తక్కువ వస్తే జాగ్రత్తగా చూడమని మనకు హెచ్చరిక, అంతవరకే. అది తీర్పు కాదు.

డెలీరియం ఉందని తేలితే, ఆపరేషన్ ఒకటి రెండు రోజులు ఆగగలిగేదైతే, ముందు దానికి వైద్యం చేసి మళ్ళీ అడగండి. కెపాసిటీ అనేది మనిషికి ఒకసారి ఉందని, లేదని ముద్ర వేసేది కాదు. ఈ నిర్ణయానికి, ఈ పూటకు ఉందా అన్నదే ప్రశ్న. బీపీ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది నిర్ణయించుకోగలిగిన మనిషి, కాలు తీయించుకోవడం గురించి అదే గంటలో నిర్ణయించుకోలేకపోవచ్చు. నిన్న లేని శక్తి రేపు రావచ్చు.

ఇక రెండో అనుమానం. ఉదయం రౌండ్స్‌లో ఆయన చుట్టూ ఎవరున్నారు? చీఫ్, అసిస్టెంట్లు, మీరు, నర్సులు, తల దగ్గర కొడుకు. "ఏం తాతా, ఆపరేషన్ చేద్దామా?" అని అంతమంది పైనుంచి వంగి అడిగితే "మీ ఇష్టం సారూ" అనడం తప్ప ఏం చేస్తారు? రాత్రి ఎనిమిదికి వార్డు సద్దుమణిగి, డ్యూటీలో నర్సు ఒక్కరే ఉన్నప్పుడు లోపలున్న మాట బయటికి వస్తుంది. కొన్నిసార్లు రాత్రి మాటే అసలు మాట. అందుకని ఒక్కసారైనా ఆయనతో విడిగా మాట్లాడండి. "మామయ్యా, నాన్నగారితో ఒక పది నిమిషాలు మాట్లాడతాను, మీరు టీ తాగి రండి" అంటే ఏ కొడుకూ తప్పుపట్టడు. తర్వాత కొడుకును కలిపి కూడా మాట్లాడాలి, ఎందుకంటే మన ఇళ్ళలో పెద్ద నిర్ణయాలు ఒంటరిగా తీసుకోరు. విడిగా చూడటం, కలిపి చూడటం రెండూ కావాలి.

అడగబోయే ముందు చూసుకోవాల్సినవి చిన్నవే, కానీ ఇవి లేకపోతే మిగతాదంతా వృథా. కళ్ళద్దాలు, వినికిడి మిషన్, పళ్ళ సెట్టు ఇంట్లో వదిలేసి వచ్చారేమో కనుక్కోండి. నొప్పికి మందు ఇచ్చి, అది పనిచేశాక వెళ్ళండి. కుర్చీ లాక్కుని కూర్చోండి. ఆయన ఇంట్లో మాట్లాడేది లంబాడీ భాషో, గోండీయో, కోయో, ఉర్దూనో అయితే ఆ భాష వచ్చిన సిబ్బందిని పట్టుకోండి. కొడుకుతో తర్జుమా చేయించుకోకండి. మీరు "ప్రాణానికి ముప్పు" అంటారు, అది తండ్రి చెవిదాకా వెళ్ళేసరికి "ఏం పర్లేదట" అవుతుంది. ప్రేమతోనే అలా చేస్తారు, కానీ మీ పరీక్ష పాడవుతుంది.

అసలు ఆయనకు ఏం చెప్పారు? ఇది గట్టిగా అడుగుతున్నాను. చాలా పిలుపుల్లో నేను వెళ్ళి "మీకేమైందని చెప్పారు?" అంటే "ఏమో, పుండు మానట్లేదన్నారు" అంటారు. కాలు తీయాలన్న మాట కొడుకుతో కారిడార్‌లో చెప్పి ఉంటారు, పేషెంటుతో కాదు. క్యాన్సర్ విషయంలోనైతే ఇది మరీ ఎక్కువ. "అమ్మకు చెప్పకండి, తట్టుకోలేదు" అని ఇంటిల్లిపాదీ చేతులు జోడిస్తారు. చెప్పని సంగతి అర్థమైందా అని ఎవరినీ పరీక్షించలేం. ముందు చెప్పాలి. జబ్బేమిటి, తీస్తే ఏమవుతుంది, తీయకపోతే ఏమవుతుంది, మధ్యలో ఇంకే దారులున్నాయి, ఇవన్నీ చిన్న ముక్కలుగా, నడుమ ఆగి ఆగి చెప్పాలి. మోకాలి కింద తీస్తే మోకాలు మిగులుతుందని, కృత్రిమ కాలు పెట్టుకుని నడవడం అప్పుడు తేలికని ఆయనకు ఎవరైనా చెప్పారా? జైపూర్ కాలు పెట్టుకుని చెప్పుల్లేకుండా తడినేల మీద కూడా నడుస్తారని, గొంతుక్కూర్చుంటారని, జైపూర్‌లోని భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి 1975 నుంచి దాన్ని ఉచితంగా అమరుస్తోందని ఒక రైతుకు తెలిస్తే ఆయన లెక్క మారొచ్చు, మారకపోవచ్చు. తెలియకుండా చెప్పిన "వద్దు" మాత్రం పూర్తి జవాబు కాదు.

ఇప్పుడు పరీక్ష. ప్రపంచంలో ఎక్కడ చూసినా ఇంచుమించు నాలుగు సంగతులే చూస్తారు. చెప్పింది అర్థమైందా, అది తనకే వర్తిస్తుందని గ్రహించారా, లాభనష్టాలు బేరీజు వేసుకోగలుగుతున్నారా, ఒక నిర్ణయం చెప్పి దాని మీద నిలబడగలుగుతున్నారా. నేను అడిగే తీరు ఇది. "డాక్టర్లు మీ కాలికి ఏమైందన్నారు? మీ మాటల్లో నాకు చెప్పండి." "తీయించుకుంటే ఏమవుతుందన్నారు? తీయించుకోకపోతే?" "వాళ్ళు చెప్పింది మీ విషయంలో నిజమేననుకుంటున్నారా?" "మరి మీరేమనుకుంటున్నారు? ఎందుకని?" "అర్థమైందా?" అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నకు మన దేశంలో ఒకే జవాబు ఉంది, అయిందండీ అని. కాసేపు వేరే కబుర్లు చెప్పి, మళ్ళీ అదే ప్రశ్న వేరేలా అడగండి. వీలైతే మర్నాడు కూడా అడగండి.

జవాబులు వినడంలోనే అసలు పనంతా ఉంది. నేను తరచుగా వినేవి కొన్ని చెబుతాను.

"కాలు లేకుండా బతికి ఏం లాభం? 70 వచ్చాయి, చూడాల్సినవి చూశాను. చచ్చిపోతానని తెలుసు. ఉన్నన్నాళ్ళు ఇలాగే ఉండనీయండి." ఇది మనకు నచ్చదు, చేతిలో కత్తి ఉన్న సర్జన్‌కు అసలే నచ్చదు. కానీ ఈ మాటల్లో అర్థం చేసుకోవడం ఉంది, తనకే జరుగుతుందన్న ఎరుక ఉంది, బేరీజు ఉంది. డిప్రెషన్ లేదని తేలితే ఇది శక్తి ఉన్న మనిషి నిర్ణయం.

"అది నల్లబడలేదు, పసుపు రాశాం కదా, ఆ మరక. కడిగితే పోతుంది." పాదం వాసన వస్తోంది, వేళ్ళు ఎండిపోయాయి, ఆయన చూస్తూ కూడా ఈ మాటంటున్నారు. చెప్పిందంతా తిరిగి అప్పజెప్పగలరు, అయినా అది తన కాలి గురించని గ్రహించడం లేదు. ఇక్కడ అనుమానించాలి. అయితే భయం కూడా మనిషి చేత ఇలా మాట్లాడిస్తుంది. డ్రెస్సింగ్ విప్పి, ఆయన్ని కూర్చోబెట్టి, కాలు చూపించి, రెండో పూట మళ్ళీ అడిగి తేల్చండి.

"దేవుడు చూసుకుంటాడు." చాలామంది జూనియర్లు ఇది వినగానే ఇన్‌సైట్ (తన జబ్బు గురించి ఎరుక) లేదని రాసేస్తారు. మనలో సగం మంది రోజూ అనే మాటే ఇది. దాన్ని జబ్బుగా రాయకండి, ఇంకొక అడుగు ముందుకు వెళ్ళండి. "నిజమే తాతగారూ, నేనూ అదే కోరుకుంటాను. ఒకవేళ డాక్టర్లు చెప్పినట్టు విషం పైకి పాకితే అప్పుడు ఏం చేద్దామంటారు?" అనండి. "పాకితే ఆయన పిలుపు వచ్చినట్టే, వెళ్ళిపోతాను" అన్నారంటే లెక్క తెలిసే మాట్లాడుతున్నారు. "పాకదు, రాత్రి దేవుడు వచ్చి నా కాలు మార్చేశాడు, ఇది వేరే కాలు" అన్నారంటే మమ్మల్ని పిలవండి.

"మా ఊళ్ళో ఒకాయనకు పసరు కట్టుతో తగ్గింది." ఇది తెలివితక్కువ మాట కాదు, వేరే దారి కనిపిస్తున్న మాట. ఆ మనిషికి వచ్చింది ఏ పుండు, ఎముక దాకా వెళ్ళిందా, షుగర్ ఉందా అని ఆయనతో కలిసి ఆలోచించండి. కొత్త సంగతి విని లెక్క సవరించుకుంటున్నారా, లేదా అన్నది అప్పుడు కనిపిస్తుంది.

"డబ్బుల కోసం కోస్తున్నారు." ఇది పారనోయియా (జబ్బుతో వచ్చే లేనిపోని అనుమానం) అని రాసే ముందు ఆ కుటుంబానికి ఇదివరకు ఏమైందో అడగండి. చాలాసార్లు దీని కింద ఉన్నది అప్పు భయం. ఆసుపత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకం సంగతులు చూసే ఆరోగ్యమిత్రను పిలిపించి ఏది పథకం కింద వస్తుందో, ఏది రాదో ఆయన ముందే చెప్పించండి. ఖర్చు గురించి భయం పోగానే "సరే" అన్నవాళ్ళను చాలామందిని చూశాను.

"పిల్లలకు భారం కాకూడదు." ఈ మాట దగ్గర ఆగాలి. మన పెద్దల నోట ఇది మామూలు మాటే, దానంతట అదే డిప్రెషన్ కాదు. అయితే దాని వెనక ఏముందో చూడాలి. నిద్ర ఎలా ఉంది, తిండి సయిస్తోందా, మనవలు వస్తే మొహం వెలుగుతోందా, ఈ కాలి జబ్బు రాకముందు కూడా ఇలాగే అనేవారా అని అడగండి. "ఈ కాలు బాగైపోతే ఏం చేస్తారు?" అన్న ప్రశ్న నాకు బాగా పనికొస్తుంది. "గేదె ఈనే టైమయింది, ఇంటికి పోవాలి" అన్న మనిషికి, "బాగైనా నేనెందుకు, పోతేనే మంచిది" అన్న మనిషికి తేడా ఉంది. రెండో ఆయనకు డిప్రెషన్ చూడాలి. డిప్రెషన్ ఉన్నా వెంటనే శక్తి లేదని కాదు. ఆ నిరాశ ఆయన లెక్కను తలకిందులు చేస్తోందా అన్నదే చూడాలి.

మానసిక జబ్బు ఉంటే కెపాసిటీ లేదనుకోవడం మన వృత్తిలో పాతుకుపోయిన పొరపాటు. 1993లో ఇంగ్లండ్‌లో దాదాపు మీ కేసు లాంటిదే కోర్టుకు వెళ్ళింది. బ్రాడ్‌మూర్ అనే గట్టి కాపలా ఉండే మానసిక ఆసుపత్రిలో స్కిజోఫ్రీనియాతో ఉన్న 68 ఏళ్ళ పేషెంటు, పాదానికి గ్యాంగ్రీన్. తాను గొప్ప డాక్టర్నని ఆయన భ్రమ. మోకాలి కింద తీయకపోతే బతికే అవకాశం 15 శాతమే అన్నారు సర్జన్. ఆయన ససేమిరా అన్నాడు. చెప్పింది అర్థం చేసుకుని గుర్తుంచుకున్నాడా, నమ్మాడా, తూచి నిర్ణయించుకున్నాడా అని జడ్జి చూశారు. భ్రమలు ఉన్నా తన కాలి విషయంలో ఈ మూడూ చేయగలిగాడని తేల్చి, ఆయన ఒప్పుకోకుండా కాలు తీయకూడదన్నారు. ఆయన ఆ గండం గట్టెక్కాడు కూడా. బతికాడు కాబట్టి తీర్పు సరైనదని నేననడం లేదు. చనిపోయి ఉన్నా సరైనదే అయ్యేది.

మన దగ్గర 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 నాలుగో సెక్షన్ ఇదే దారిలో ఉంటుంది. చెప్పింది అర్థం చేసుకోగలగాలి, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఏమవుతుందో గ్రహించగలగాలి, మాటతోనో సైగతోనో నిర్ణయం తెలపగలగాలి. ఆ నిర్ణయం ఇతరులకు తప్పుగా కనిపించినంత మాత్రాన శక్తి లేదనకూడదని కూడా అందులో స్పష్టంగా ఉంది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఆ చట్టం మానసిక వైద్యానికి సంబంధించినది. దాన్ని చూపించి కాలు ఆపరేషన్‌కు పర్మిషన్ తెచ్చుకోలేరు. శారీరక వైద్యంలో కెపాసిటీ లేని పెద్దవాళ్ళ తరఫున ఎవరు నిర్ణయించాలో ఇంత వివరంగా చెప్పే చట్టం మనకు లేదు. అందుకే మన నోట్స్ ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

"మా పెద్దోడు ఏది చెబితే అదే" అనే పేషెంటు గురించి అడగలేదు గానీ, మీకు రేపే ఎదురవుతారు. శక్తి ఉన్న మనిషి తన నిర్ణయాన్ని నమ్మకమున్నవాళ్ళకు అప్పగించడం కూడా నిర్ణయమే, దాన్ని గౌరవించాలి. కాకపోతే అప్పగిస్తున్నది కాలు తీసే నిర్ణయమని ఆయనకు తెలిసి ఉండాలి. అప్పుడు కూడా సంతకం గానీ వేలిముద్ర గానీ ఆయనదే తీసుకుని, కొడుకుది సాక్షిగా పెట్టండి. ఆడవాళ్ళ విషయంలో ఇంకొంచెం ఆగండి. "ఆయన్నడగండి" అన్న మాట నమ్మకంతో అన్నదా, భయంతో అన్నదా అన్నది భర్త గదిలో ఉండగా తెలియదు.

కేసు షీట్‌లో "నాట్ ఓరియెంటెడ్, నాట్ ఫిట్ ఫర్ కన్సెంట్" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. తేదీ, సమయం, ఏ నిర్ణయం గురించి అడిగారు, ఏం చెప్పారు, అప్పటి షుగర్, జ్వరం, చివరి నొప్పి మందు ఎప్పుడు పడింది, గదిలో ఎవరున్నారు, ఇవి రాయండి. అన్నిటికంటే ముఖ్యం, ఆయన జవాబులు ఆయన మాటల్లోనే, తెలుగులోనే రాయండి. ఇంగ్లిష్‌లోకి మార్చి "రిఫ్యూజ్డ్" అని రాస్తే ఆ మనిషి మాయమైపోతాడు. రేపు ఇంకో డాక్టర్ చూసినా, కోర్టే చూసినా, ఆ మాటలు చదివి వాళ్ళంతట వాళ్ళే తేల్చుకోగలగాలి. లామా కాగితం (డాక్టర్ల సలహా కాదని వెళ్ళిపోతున్నానని రాసిచ్చేది) మీద సంతకం కూడా ఇలాంటిదే. కెపాసిటీ చూడకుండా తీసుకున్న ఆ సంతకం మిమ్మల్ని కాపాడదు, పేషెంటును అసలే కాపాడదు.

శక్తి లేదని తేలి, ఆగే వ్యవధి కూడా లేకపోతే? సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల ఒళ్ళంతా దెబ్బతినడం) ముదిరి, బీపీ పడిపోతూ, మనిషి స్పృహలో లేకపోతే ప్రాణం నిలపడానికి అవసరమైనంత వైద్యం చేయండి. సదుద్దేశంతో, ఆ మనిషి మేలు కోసం చేసే అలాంటి పనికి భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్‌లో రక్షణ ఉంది. పాత ఐపీసీలో అది 92. ఆ సెక్షన్ కూడా, వ్యవధి ఉంటే సంరక్షకుల ఒప్పుకోలు తీసుకోమనే చెబుతుంది. ఇద్దరు సీనియర్లు చూసి రాస్తే మంచిది. అప్పుడు కొడుకును అడగాలి, అయితే "మీరేమంటారు?" అని కాదు, "నాన్నగారు బాగున్నప్పుడు ఇలాంటి విషయాల్లో ఏమనేవారు?" అని. కొడుకు మోస్తున్న బరువు కూడా ఆ ప్రశ్నతో కొంత తగ్గుతుంది. ఇంకొక్క మాట: శక్తి లేని మనిషికి కూడా అబద్ధం చెప్పకండి. డ్రెస్సింగ్‌కని థియేటర్‌కు తీసుకెళ్ళి కాలు లేకుండా తీసుకొచ్చిన మనిషి ఇక జన్మలో ఏ డాక్టర్నీ నమ్మడు.

శక్తి ఉండి వద్దంటే అక్కడితో మీ పని అయిపోలేదు. ఆపరేషన్ వద్దన్నారు గానీ వైద్యం వద్దనలేదు. యాంటీబయాటిక్స్, డ్రెస్సింగ్, నొప్పి మందు, షుగర్ కంట్రోల్ ఏదీ ఆగకూడదు. "ఆపరేషన్ వద్దంటే డిశ్చార్జి చేసేస్తాం" అనడం బెదిరింపు, దానికి లొంగి చెప్పిన "సరే" చెల్లదు. రక్తనాళాలు చూసే వాస్క్యులర్ సర్జన్ చూశారా? కుళ్ళిన భాగం వరకే శుభ్రం చేసి రెండు రోజులు చూసే వీలుందా? కాలు తీసేశాక నడుస్తున్న పేషెంటు ఎవరైనా మీ ఓపీకి వస్తుంటే, ఆయన ఒప్పుకుంటే ఒకసారి వీళ్ళిద్దరినీ కూర్చోబెట్టండి. మనం గంటసేపు చెప్పిన దానికంటే అది ఎక్కువ పనిచేస్తుంది.

రేపు ఉదయం జ్వరం తగ్గి ఉన్నప్పుడు, రౌండ్స్‌కు ముందు వెళ్ళండి. వారాలు వెనక్కి చెప్పించండి. చెప్పగలిగితే కాలి సంగతి మాట్లాడండి, మధ్యాహ్నం ఇంకోసారి మాట్లాడండి, కొడుకుతో కలిపి మూడోసారి. ఆ మాటలు ఒకదానితో ఒకటి కలవకపోతే, లేదా నిరాశ ఎక్కువగా కనిపిస్తే సైకియాట్రీకి రాయండి. రెఫరల్‌లో "కెపాసిటీ?" అని ఒక్క ముక్క కాకుండా ఏ నిర్ణయం గురించి, మీరు అడిగితే ఆయన ఏమన్నారు, ఎప్పటిలోగా తేలాలి అన్నది రాయండి. ఇంకా, ఆయన తెలివిగా మాట్లాడుతున్న ఆ పూటే ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "రేపు జ్వరం ముదిరి మీరు మాట్లాడలేని స్థితి వస్తే, అప్పుడు కాలు తీసి బతికించమంటారా, వద్దంటారా? మీ తరఫున ఎవరిని అడగమంటారు?" ఆ జవాబు ఆయన మాటల్లోనే రాసి, ఆయన వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకుని, రాత్రి డ్యూటీ డాక్టర్‌కు కనిపించేలా కేసు షీట్ పైనే పెట్టండి.